తప్పులన్నీ బావగారివే

కారుకీ కంప్యూటర్‌కీ మధ్య ఈ లోకంలో జరగడానికి వీలున్న తప్పులన్నీ బావగారే మొదట చేశారు. ఇది ఆయనంటే గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు. తన నోటితో తానే రోజుకి పదిసార్లు చెప్పుకునే మాట. తాళం తిప్పకుండా స్కానర్ తగిలించినది ఆయన. కేబుల్ సగమే దూర్చి సాయంత్రం దాకా దాని మొహం చూస్తూ కూర్చున్నది ఆయన. ఎదురింటివాళ్ళ కారు జబ్బుకి సొంత కారుకి మందు వేసినదీ ఆయనే. గారేజికి ఎవరు ఏ తప్పు చేసుకుని వచ్చినా, అది బావగారు ఎప్పుడో చేసి వదిలేసిన తప్పే అయి ఉండాలి తప్ప కొత్తది కావడానికి వీల్లేదు.

ఆయన్ని బావగారని పిలిచేది ఆ ఇంటి చిన్నకోడలు. భర్తకి అన్నగారు కాబట్టి బావగారు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే గారేజి. తమ్ముడు ఇంజన్లూ బ్రేకులూ చూస్తాడు. అన్నగారు వెనక రేకుల షెడ్డులో కూర్చుని, కార్లకి లాప్‌టాప్ తగిలించి వాటి కష్టసుఖాలు చదువుతారు. చిన్నకోడలు ముందు కౌంటర్‌లో కూర్చుని ఫోన్లెత్తుతుంది, తాళాలు తీసుకుని చీటీలు కడుతుంది, వచ్చినవాళ్ళకి కుర్చీ చూపిస్తుంది. ఆమెకి ఆ కుర్చీ చూపించే పని అంటే పరమ విసుగు. ఆమె మనసంతా వెనక షెడ్డులోనే ఉంటుంది.

తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. ఇప్పటి కార్లలో స్టీరింగ్ కింద, మోకాలు తగిలే చోట, చిన్న పోర్టు ఒకటి ఉంటుంది. దానికి అరచేతిలో పట్టేంత అడాప్టర్ తగిలించి, అక్కణ్ణించి కేబుల్ తెచ్చి లాప్‌టాప్‌కి కలిపితే, కారు తన రోగమేమిటో తానే చెప్పేస్తుంది. ఈ సరంజామానే స్కానర్ అంటారు. వినడానికి ఎంత బాగుందో చూడండి. చిక్కల్లా కారూ లాప్‌టాపూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. అవి అలిగిన వియ్యపురాళ్ళలాగా చెరో పక్కకీ తిరిగి కూర్చుంటాయి. అలాంటప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడమే బావగారి వృత్తి. వెతికే ముందు తన పాపాల చిట్టా విప్పడం ఆయన అలవాటు.

ఒకసారి పళ్ళ డాక్టరు ఒకాయన సొంతంగా స్కానర్ కొనుక్కుని, అది పనిచెయ్యడం లేదని ఒంటికాలి మీద లేచి వచ్చాడు. "ఇది దొంగ సరుకండీ. గంట నుంచి చూస్తున్నాను, ఒక్క అక్షరం రాలేదు," అన్నాడు.

బావగారు కారు దగ్గరికి నింపాదిగా నడిచారు. కారు తాళం డాక్టరుగారి చొక్కా జేబులోంచి తొంగి చూస్తోంది. కౌంటర్‌లో ఉన్న చిన్నకోడలికే అది కనబడుతోంటే పక్కనే నిలబడ్డ మనిషికి కనబడదా. అయినా ఆయన ఆ వైపు చూడనైనా చూడలేదు.

"ఏం చెప్పమంటారండీ. నేనైతే ఒకసారి తాళం తిప్పకుండానే గంటన్నర కూర్చున్నాను. లాప్‌టాప్‌ని తిట్టాను, కేబుల్‌ని తిట్టాను, ఆ కారు చేసినవాళ్ళని ఏడు తరాలు తిట్టాను. తాళం నా జేబులోనే ఉంది."

డాక్టరుగారు పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే చెయ్యి జేబులో పెట్టాడు. నవ్వు ఆగిపోయింది. "ఉండండి, ఇంకొక్కసారి చూస్తాను," అని కార్లో కూర్చుని, ఎవరూ చూడడం లేదనుకుని తాళం తిప్పాడు. స్కానర్ పలికింది. "మీ చెయ్యి మంచిదండీ," అని పొగిడి వెళ్ళిపోయాడు. చెయ్యి మంచిదే గానీ అది స్కానర్‌ని తాకనైనా తాకలేదు.

ఇంకోసారి ఒక పెద్దమనిషి వైరు లేకుండానే ఫోన్‌తో మాట్లాడే రకం స్కానర్ తెచ్చాడు. వారం రోజులుగా అది చెప్పినవన్నీ మార్పిస్తున్నాడట. ప్లగ్గులు మార్చాడు, ఫిల్టర్ మార్చాడు, కారు మాత్రం మారలేదు. తీరా చూస్తే ఆయన ఫోను ఆయన కారుతో కాక, ఇంటి దగ్గర గోడ అవతలున్న పక్కింటివాళ్ళ కారులోని అడాప్టర్‌తో ముడిపడి ఉంది. బావగారికి ఇది చిటికెలో తెలిసిపోయింది. అయినా ఏం చేశారు? స్టూలు లాక్కుని కూర్చుని, తాను ఎదురింటి కారు జబ్బుకి సొంత కారుకి నెలరోజులు వైద్యం చేసిన కథ మొదలెట్టారు. చివర్లో ఎదురింటివాళ్ళ కారు దానంతట అదే బాగుపడిందన్నారు. అది ఎలా సాధ్యమో ఎవరూ అడగలేదు. ఆ పెద్దమనిషి అప్పటికే ఫోన్‌లో వేలు పెట్టి, పక్కింటివాళ్ళతో సంబంధం తెంచుకునే పనిలో ఉన్నాడు.

ఇంట్లోనూ ఇదే వరస. గాజు జగ్గు పగిలిందంటే, ఎవరు పగలగొట్టారని అడగరు. తాను చిన్నప్పుడు పగలగొట్టిన జగ్గుల సంఖ్య చెబుతారు. ఆ కథ సగంలో ఉండగానే వంటింట్లోంచి ఎవరో ఒకరు "నేనే" అంటూ వస్తారు. తోటికోడలు మాత్రం తల పట్టుకుని, "ఈయన చేశానని చెప్పేవన్నీ నిజంగా చేసి ఉంటే ఈయనకి ఈపాటికి నూట నలభై ఏళ్ళుండాలే," అనేది.

వీధిలో ఆయనకి తప్పుల మేస్త్రి అని పేరు పడింది. ఎదురు వరసలోని టైర్ల కొట్టాయన దారి అడిగినవాళ్ళకి, "అదుగో, ఆ షెడ్డులో ఉంటాడు. అన్ని తప్పులూ చేసేశాడు, ఇంక చెయ్యడానికి మిగల్లేదు, ధైర్యంగా వెళ్ళండి," అని చెప్పేవాడు. ఎగతాళికే అన్నాడు గానీ ఆ మాట పట్టుకుని చాలామంది వచ్చారు.

చిన్నకోడలికి మాత్రం ఇదంతా తలవంపులుగా ఉండేది. ఇంత పని తెలిసిన మనిషి పదిమందిలో తనని తాను వెర్రివాణ్ణి చేసుకోవడమేమిటి? అడాప్టర్ మీద పచ్చదీపం వెలగలేదంటే కరెంటు రావడం లేదని అర్థం. వెలిగి కూడా మాట్లాడలేదంటే కేబులో, లాప్‌టాప్‌లో సెట్టింగో. చూసి, చెప్పి, చేసి పంపక ఈ పురాణం దేనికి? తనైతే ఐదు నిమిషాల్లో తేల్చేస్తుంది. ఆమె ఆ మాట ఊరికే అనుకోలేదు. ఆరు నెలలు సాయంత్రం క్లాసులకి వెళ్ళి, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకుంది. అది కౌంటర్ సొరుగులో రసీదు పుస్తకాల కింద రెండేళ్ళుగా పడుంది.

షెడ్డులో పని తనకి ఇమ్మని భర్తని అడిగితే, "నాదేముంది, అన్నయ్య ఒప్పుకోవాలిగా," అనేవాడు. బావగారిని అడిగితే, "నాదేముందమ్మాయ్, మీ ఆయన్నడుగు," అనేవారు. మళ్ళీ భర్త దగ్గరికి వెళ్తే, "చూద్దాం," అనేవాడు. అన్నదమ్ములిద్దరి మధ్యా బంతిలా తిరిగి తిరిగి ఆమెకి తలప్రాణం తోకకొచ్చింది. ఇదంతా బావగారి నాటకమేనని ఆమె నిశ్చయించేసుకుంది. ఆ షెడ్డు ఆయనది, ఆ కుర్చీ ఆయనది, తనని రానిచ్చేదెవరు?

ఇలా ఉండగా లాండ్రీ మేనేజరు వచ్చాడు.

పెద్ద లాండ్రీ కంపెనీ వాన్లన్నీ ఆయన చేతికింద ఉంటాయి. మొత్తం ఎనిమిది. చొక్కా మీద ఒక్క ముడత ఉండదు, మాటలో అసలే ఉండదు. "ఇదివరకటి గారేజిలో లైటు బాగుచెయ్యమంటే హారన్ పాడుచేసి పంపారు. అడిగితే మేం ముట్టుకోలేదన్నారు. అందుకే మానేశాను. ముందు ఈ ఒక్క వానూ చూడండి, సవ్యంగా ఉంటే మిగతావి పంపుతాను. మీటర్ల పక్కన ఇంజన్ బొమ్మ లైటు వెలుగుతోంది," అన్నాడు.

ఆ పొద్దున బావగారు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. భర్త అప్పటికే ఒక కారు కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రమే బయటున్నాయి. ఆ కాళ్ళు కాసేపు ఆలోచించి, "సరే, ఇవాళ స్కానర్ నువ్వు పెట్టు. ఈయన ముందు నువ్వు సవ్యంగా చేసి చూపించావంటే ఇంక అన్నయ్య కూడా కాదనడు," అన్నాయి.

రెండేళ్ళకి దొరికిన ఒక్క అవకాశం. చిన్నకోడలు సొరుగులోంచి సర్టిఫికెట్ తీసి ఒకసారి చూసుకుని మళ్ళీ లోపల పెట్టి షెడ్డులోకి నడిచింది.

మేనేజరుకి ఫోనొచ్చి వీధిలోకి వెళ్ళాడు. ఆమె వాను చుట్టూ తిరిగి చూస్తే ముందు టైరులో గాలి తక్కువగా ఉంది. అడక్కుండానే గాలి కొట్టిపెడితే ఎంత మర్యాదగా ఉంటుంది అనుకుంది. గాలి గొట్టం భర్త దగ్గరుంది. షెడ్డులో చిన్న పంపు ఒకటుంది, కారులో సిగరెట్ లైటర్ సాకెట్ ఉంటుందే, దాన్లో పెడితే తిరిగే రకం. ఆమె గోడ వైపు చూసింది. గోడ మీద ఆ గారేజి మొదటి రూలు: కస్టమర్ బండికి మన సామాను తగిలించరాదు. రాసింది ఆమే. చేతిరాత కూడా చాలా అందంగా ఉంది. వానులో లైటర్ సాకెట్ మూత మీద ఇంకో చీటీ అంటించి ఉంది: ఈ సాకెట్ ఎవరూ వాడరాదు. ఇట్లు మేనేజరు.

రెండు నిమిషాలకి ఏమవుతుందిలే అనుకుని, టైరు వాల్వు మూత తీసి, వాను తాళం తిప్పి, పంపు సాకెట్లో దూర్చింది. పంపు తిరగలేదు. ఇంకాస్త నొక్కింది. ఎక్కడో టిక్కుమన్నట్టు వినబడింది. పంపు లాగేసి బల్ల కింద కుక్కేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి స్టీరింగ్ కింద పోర్టుకి అడాప్టర్ తగిలించింది.

పచ్చదీపం వెలగలేదు.

చాలా బళ్ళలో లైటర్ సాకెట్‌కీ స్కానర్ పోర్టుకీ కలిపి ఒకటే ఫ్యూజు. అది పోతే రెండూ పోతాయి. ఈ సంగతి ఆమెకి క్లాసులో మూడో వారంలోనే చెప్పారు. అడాప్టర్‌కి కరెంటు రావాల్సింది ఆ పోర్టులోంచే, అది రావడం లేదు. కాబట్టి ఏమైందో ఆమెకి తెలుసు. ఎవరు చేశారో అంతకన్నా బాగా తెలుసు. ఒకటి బాగుచేస్తూ ఇంకోటి పాడుచేసేవాళ్ళంటే మండిపడే మనిషి బండిలో, లైటు సంగతి చూడకుండానే ఫ్యూజు కాల్చేసింది.

మేనేజరు తిరిగొచ్చాడు. "ఏమంటోంది?"

"చూస్తున్నానండీ," అంది. కేబుల్ తీసి లాప్‌టాప్‌లో ఇంకో కన్నంలో పెట్టింది. లాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టింది. కొత్త ఫ్యూజులు చేతికందే డబ్బాలోనే ఉన్నాయి. తియ్యాలంటే ఎందుకు పోయిందో చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కీబోర్డు మీద ఎడమచేతి వేళ్ళు ఆడిస్తూ ఉండిపోయింది.

"ఏమైనా ఇబ్బందా?"

"లేదండీ. అప్‌డేట్ అవుతోంది."

ఏది అప్‌డేట్ అవుతోందో మేనేజరు అడగలేదు. అడగని మనిషిలా మాత్రం లేడు. రెండు చేతులూ కట్టుకుని ఆమె వెనకే నిలబడ్డాడు. కారు కింద నుంచి భర్త కూడా లేచి వచ్చి, చేతిగుడ్డ నలుపుతూ ద్వారంలో నిలబడ్డాడు. అతని మొహంలో "చూద్దాం" అనే మాట మళ్ళీ కనబడుతోంది.

సరిగ్గా అప్పుడు బావగారు దిగారు. కళ్ళలో మందు వేసి పంపారట, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గోడ తడుముకుంటూ వచ్చారు.

"ఏమిటమ్మాయ్, పలకడం లేదా?" అని వానులోకి తల పెట్టారు. పెట్టిన తల కాసేపు అక్కడే ఉంచారు. బయటికి తీసి, స్టూలు మీద కూర్చుని, మేనేజరుకి ఇంకో స్టూలు చూపించారు.

చిన్నకోడలు లాప్‌టాప్ వైపు తిరిగిపోయింది. ఇంక మొదలు.

"సార్, నేనైతే ఒకసారి కేబుల్ సగమే దూర్చి సాయంత్రం దాకా కూర్చున్నాను," అన్నారు బావగారు.

"సరిగ్గానే పెట్టాను బావగారూ."

"ఒకసారి తాళం తిప్పడం మర్చిపోయాను."

"తిప్పే ఉంది బావగారూ."

"ఒకసారి బ్యాటరీ వైరు ఊడిపోయిన బండికి స్కానర్ పెట్టి, స్కానర్ చచ్చిపోయిందని దానికి కొత్త పెట్టె కూడా కొన్నాను."

మేనేజరు మొహంలో నవ్వులాంటిది ఒకటి కదిలింది. "మేస్త్రిగారూ, ఇవన్నీ మీరే చేశారా?"

"ఇంకా ఉన్నాయి సార్. అన్నిట్లోకీ ఘనకార్యం ఒకటి చెప్పనివ్వండి. అచ్చు ఇలాంటి వానే. కస్టమర్ది. ఆ లైటర్ సాకెట్ ఉంది చూశారూ, దాన్ని ముట్టుకోవద్దని వాళ్ళూ రాశారు, మేమూ రాసుకున్నాం. నేనేం చేశాననుకున్నారు? కాఫీ పెట్టుకుందామని అందులో కెటిల్ పెట్టాను. అది చాలక టైరుకి గాలి కొడదామని పంపు కూడా పెట్టాను. ఫ్యూజు పోయింది. దానితోపాటు స్కానర్ పోర్టూ పోయింది. ఆ బండాయన వచ్చి అడిగితే ఏం చెప్పానో తెలుసా?"

"ఏం చెప్పారు?" అన్నాడు మేనేజరు. చూపు వాను సీటు వైపు పోయింది.

"అప్‌డేట్ అవుతోందన్నాను."

చిన్నకోడలు తన కుడిచెయ్యి వైపు చూసుకుంది. పిడికిలి బిగించి ఉంది. తెరిచి చూస్తే అందులో టైరు వాల్వు మూత. పంపు దాచింది గానీ ఇంతసేపూ దీన్ని చేతిలోనే పట్టుకు తిరుగుతోంది.

బావగారు ఇంకో మాట అనలేదు. అడగనూ లేదు. నల్లద్దాల వెనక కళ్ళు తెరిచున్నాయో మూసున్నాయో కూడా తెలియదు. ఇప్పుడు నోరు మూసుకుని ఊరుకుంటే ఆయన తప్పుల్లో ఇదీ కలిసిపోతుంది, అందరూ నవ్వుకుంటారు, గొడవ వదిలిపోతుంది. అదీ ఆమెకి తెలుస్తోంది. అలా దొరికిన షెడ్డులో రేపు ఏ మొహంతో కూర్చుంటుంది?

"పంపు పెట్టింది నేనండీ," అంది మేనేజరు వైపు తిరిగి. "ఇప్పుడే, మీరు ఫోన్‌లో ఉండగా. టైరులో గాలి తక్కువుందని. మా రూలూ తప్పాను, మీ రూలూ తప్పాను. అప్‌డేట్ ఏమీ లేదు, ఫ్యూజు పోయింది. నేనే పోగొట్టాను."

భర్త చేతిలోని గుడ్డ కిందపడింది. మేనేజరు ఆమెని ఎగాదిగా చూశాడు. ఎనిమిది వాన్లూ తోక చూపించి వెళ్ళిపోతున్నట్టే అనిపించింది ఆమెకి.

"పంపు తిరిగిందా?" అన్నాడు మేనేజరు.

"లేదండీ."

"అసలేమీ తిరగలేదా? మొదట్లో ఒక్క క్షణమైనా?"

"పెట్టినప్పటి నుంచీ చలనమే లేదండీ. గట్టిగా నొక్కితే టిక్కుమంది, అంతే. అది ప్లగ్గు కూర్చున్న చప్పుడేమో..." అంటూనే ఆగిపోయింది. ఫ్యూజు బాగుంటే పంపు ఒక్క చుట్టయినా తిరిగి ఉండాలి. తిరగలేదంటే అప్పటికే కరెంటు లేదు. భయంలో ఇంత చిన్న సంగతి తట్టనేలేదు.

ఆమె మేనేజరు వైపు చూసింది. నాలిక చివరి దాకా వచ్చిన మాటని మింగేసి, ఊరికే నిలబడింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మేనేజరు చొక్కా కాలరు తడుముకున్నాడు. ముడత లేని చొక్కా మీద మొదటిసారి చెమట కనబడింది.

"అమ్మా, మీరు పెట్టేసరికే అది పోయుంటుంది," అన్నాడు. "నిన్న సాయంత్రం నుంచీ నా కాఫీ చల్లగానే ఉంది."

ఎవరూ నవ్వలేదు. బావగారు మాత్రం చాలా శ్రద్ధగా తల ఊపారు, పక్క ఊరి వార్త వింటున్నట్టు.

"ఇంట్లో కాఫీ మాన్పించారు," అన్నాడు మేనేజరు. "డాక్టరు ఒకరు, మా ఆవిడ ఒకరు. వాను చూసొస్తానని చెప్పి రోజూ సాయంత్రం అందులో కూర్చుని ఒక్క కప్పు కాచుకుంటాను. ఆ చీటీ అంటించినది డ్రైవర్ల కోసం. నా కోసమని అనుకోలేదు. కెటిల్ సీటు కింద ఉంది. అదే పాడైందనుకుని నిన్న కొత్తది కూడా కొన్నాను."

"నేను స్కానర్‌కి కొత్త పెట్టె కొన్నట్టే," అన్నారు బావగారు. అప్పుడు మేనేజరు నవ్వాడు. అతను నవ్వాక మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది.

చిన్నకోడలు ఫ్యూజు పెట్టె మూత తీసి, చిన్న పటకారుతో పాత ఫ్యూజు లాగింది. లోపలి తీగ తెగి నల్లగా ఉంది. దాని మీది నంబరు చూసి అదే నంబరుది కొత్తది పెట్టింది. పచ్చదీపం వెలిగింది. వియ్యపురాళ్ళు అలక మాని మాట్లాడుకున్నారు. పొగగొట్టం దగ్గరి సెన్సర్ ఒకటి పాడైందని వాను తానే చెప్పింది. ఆమె వాను కిందకి వంగి ఆ సెన్సర్ వైరు పట్టుకుని చూసి, సెన్సర్ బాగానే ఉంది, వైరు ఒరుసుకుపోయింది, అది అతికిస్తే చాలంది. ఇదంతా అరగంటలో అయిపోయింది. ఆ తర్వాత గాలి గొట్టం తెచ్చి టైరులో గాలి కూడా కొట్టింది, వాల్వు మూత కూడా బిగించింది.

మేనేజరు వెళ్తూ, "మిగతా ఏడూ వారానికి రెండు చొప్పున పంపుతాను. ఈ అమ్మాయే చూడాలి," అన్నాడు భర్తతో. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, ఆమెతో గొంతు తగ్గించి, "ఆ సంగతి మా డ్రైవర్లకి..." అన్నాడు.

"ఏ సంగతండీ?" అంది చిన్నకోడలు.

ఆయన మొహం వెలిగింది. వాను సందు మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూ నిలబడింది. తర్వాత షెడ్డులోకి వచ్చి బావగారి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"బావగారూ, మీరెప్పుడైనా బండిలో కెటిల్ పెట్టారా?"

"చెప్పానుగా."

"మీరు పుట్టి బుద్ధెరిగాక కాఫీ ముట్టలేదు. వాసన పడదంటారు."

బావగారు నల్లద్దాలు తీసి చొక్కాకి తుడుచుకోసాగారు. "వానులో తల పెడితే గుప్పుమంది. కప్పు పెట్టుకునే గుంటలో కాఫీ మరకలున్నాయి. నీ వేళ్ళ సందులోంచి మూత కనబడింది."

"కళ్ళలో మందు వేశారన్నారు."

"ఒక కంట్లోనే వేశారు."

ఆమెకి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "మరి ముందే తెలిసినప్పుడు చెప్పెయ్యొచ్చుగా. ఇంత పురాణం ఎందుకు?"

"చెబితే ఏమవుతుందమ్మాయ్? ఆయన కెటిల్ ఆయనది కాదంటాడు. నువ్వు పంపు ముట్టుకోలేదంటావు. ఆ తర్వాత మీ ఇద్దరూ ఆ మాట మీదే నిలబడాలి. పాపం, ఎన్నాళ్ళని నిలబడతారు? తప్పు చేసినవాడికి ముందే ఒకడు తోడున్నాడనుకో, ఒంటరిగా ఉండడుగా. నాకేం పోయింది, ఇంకో వెర్రి పని కలిసింది."

పళ్ళ డాక్టరు, పక్కింటి కారు జబ్బుకి వైద్యం చేసిన పెద్దమనిషి, పగిలిన జగ్గులు అన్నీ ఒక్కొక్కటిగా ఆమె కళ్ళముందు కదిలాయి. ఇన్నాళ్ళూ ఈయన వల్ల తలవంపులనుకుంది. ఒక్కడు తల వంచి అందరి తలలూ నిలబెడుతున్నాడని తెలియలేదు. ఆమెకి ఆయన మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది. అది పైకి కనబడకుండా గొంతు గట్టి చేసుకుంది.

"అయితే ఆ తప్పుల్లో ఒక్కటైనా మీరు నిజంగా చేసింది ఉందా బావగారూ?"

ఆయన నల్లద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. ద్వారం దగ్గర భర్త వంగి, ఇందాక కిందపడ్డ గుడ్డని అవసరానికి మించి దులుపుతున్నాడు.

"ఒకటుందమ్మాయ్," అన్నారు బావగారు. "సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషిని రెండేళ్ళు కౌంటర్‌లో కూర్చోబెట్టాను. షెడ్డులో ఎండ, గ్రీజు, వచ్చేవాళ్ళంతా మగవాళ్ళు, నలుగురూ ఏమనుకుంటారో అని అడ్డం పడ్డాను. అది మాత్రం అచ్చంగా నాదే."

గుడ్డ దులపడం ఆగింది.

"అన్నయ్య కాదు," అన్నాడు భర్త, నేల చూపులు చూస్తూ. "అన్నయ్య మొదటి రోజే సరేనన్నాడు. నేనే."